పునరావాసమంటే ఏమిటని అడిగితే

బళ్ళు తెరిచే రోజుల్లో కొత్త పుస్తకాలకు ఒక వాసన ఉంటుంది. అచ్చు సిరా, జిగురు, గోదాములో నెలల తరబడి పడి ఉన్న కాగితం తేమ, అన్నీ కలిసిన వాసన. తాడేపల్లిలో మా అపార్ట్‌మెంటు హాల్లో నేలమీద కూర్చుని మా అమ్మాయి తెలుగు వాచకానికి అట్ట వేస్తున్నాను. అది పక్కనే బోర్లా పడుకుని, కాళ్ళు ఊపుకుంటూ, పుస్తకం వెనక ఉన్న అభ్యాసాలు చదువుతోంది. "అమ్మా, పునరావాసం అనే మాటకి అర్థం చెప్పి, సొంతవాక్యం చెప్పు" అంది. నేను నోరు తెరిచేలోపే గైడు తిరగేసి, "ఉందిలే, దొరికింది" అంటూ పైకి చదివింది. "ప్రభుత్వం ముంపు గ్రామాల ప్రజలకు పునరావాసం కల్పించింది."

నాకు ఒళ్ళు మండింది. చేతిలో కత్తెర పక్కన పడేసి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. సొంతవాక్యమట! ఎవరికి సొంతం? ఆ వాక్యంలో మా ఊరుంది, మా నాయనమ్మ ఉంది, మా సీతారావమ్మత్త ఉంది. ఒక్కరి మొహమూ కనపడకుండా అందర్నీ ఊడ్చి 'ప్రజలు' అనే ఒక్క మాటలో పోశారు.

మా ఊరు తంగేడుపాలెం. వాగు మెలిక తిరిగిన చోట, నల్లరేగడి చేల నడుమ ఉండేది. వానాకాలంలో ఆ మట్టి కాళ్ళకున్న చెప్పులు లాగేసుకునేది, ఎండాకాలంలో బారెడు నోళ్ళు తెరిచి మా తొక్కుడు బిళ్ళలు మింగేసేది. శివరాత్రి దాటేసరికి కల్లాల్లో మిరపకాయలు ఆరబోసేవాళ్ళు. వాగు గట్టుమీద నిలబడి చూస్తే ఊరి చుట్టూ ఎర్రదుప్పటి పరిచినట్టుండేది. గాలి ఇటు తిరిగిందంటే ఇంటింటా ఒక్కసారే తుమ్ములు లేచేవి, టౌను నుంచి వచ్చిన చుట్టాలు కళ్ళు నులుముకుంటూ దగ్గుతుంటే పిల్లలం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. పత్తి తీతల రోజుల్లో ముందుగది దూలాల దాకా పత్తితో నిండిపోయేది, అటకమీద నుంచి అందులోకి దూకితే చప్పుడు కూడా అయ్యేది కాదు, జుట్టు నిండా పత్తి పింజలతో తేలి బయటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో నిలబడి కేకలేసేవాడు. పొగాకు కాల్చే కొట్లు, బేరన్లు, మండే కాలంలో మేం ఆ పొయ్యి దగ్గరే తిరిగేవాళ్ళం. బూడిదలో చిలగడదుంపలు పూడ్చిపెట్టి, కాలిందో లేదో పుల్లతో పొడిచి చూసి, నోరు కాలుతున్నా ఆగలేక తినేవాళ్ళం. మగ్గుతున్న ఆకు తీపి వాసన ఆ దుంపలకి కూడా పట్టేది.

ఆ ఊళ్ళో పునరావాసం అనే మాట లేదు. 'నిలబెట్టడం' అనే మాట ఉండేది. గాలివాన కొట్టి మిరపచెట్లు ఒరిగిపోతే తెల్లారేసరికి ఆడవాళ్ళు చేలో దిగి, ఒక్కొక్క చెట్టునీ ఎత్తి, మొదట్లో మట్టి తొక్కి నిలబెట్టేవాళ్ళు. జబ్బు చేసి పడుకున్న గేదెని కషాయం తాపి నిలబెట్టేవాళ్ళు. కొంపకి నిప్పంటుకుంటే ఆ కొంపని నిలబెట్టేవాళ్ళు. మనుషుల్ని కూడా నిలబెట్టేవాళ్ళు, అందుకు నేను చూసిన సాక్ష్యం మా సీతారావమ్మత్త.

సీతారావమ్మత్త మా నాన్నకి చెల్లెలు. మొగుడు వేరే ఆవిణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టుకుని, ఈవిణ్ణి బయటికి పొమ్మన్నాడు. నేను ఇంకా బడికి వెళ్ళని రోజుల్లో ఒక మధ్యాహ్నం బస్సు దిగి, నెత్తిన రేకుపెట్టెతో మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు. మంచినీళ్ళడిగి తాగి, పెట్టె వసారాలో పెట్టి, నాయనమ్మ చేతిలో చేట తీసుకుని మిరపకాయల తొడిమలు తుంచడానికి కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. వానాకాలమంతా మా వసారాలోనే పడుకుంది. ఒకరోజు నాయనమ్మ నాన్నని పిలిచి, "పిల్ల ఎన్నాళ్ళని ఒకరి వసారాలో ఉంటదిరా? దాన్ని నిలబెట్టాల" అంది. 

మా పెరటి చివర రెండు గదుల ఇల్లు లేచింది. ఒకరు తాటిదూలాలు తెచ్చి వేశారు, ఇంకొకరు తమ పాత ఇంటి తలుపులు ఊడదీసి ఇచ్చారు, క్వారీ లారీ నడిపే ఆయన విరిగిన రాతి పలకలు దారిలో దించి వెళ్ళాడు. బంగాళా పెంకులు నాలుగు కొంపల కప్పుల మీంచి తలా కొన్ని వచ్చాయి, అందుకే అత్త ఇంటి కప్పు రంగులు కలిసిపోకుండా ఒక్కో వరస ఒక్కోలా ఉండేది. ఎదురింటి వాళ్ళు చూలు కట్టిన పడ్డని తోలుకొచ్చి గుంజకి కట్టేసి, "మాకు మేపే ఓపిక లేదు సీతారావమ్మా, నువ్వే ఉంచుకో" అని అబద్ధం చెప్పి వెళ్ళిపోయారు. ఆ పడ్డ ఈనింది, దాని దూడలు పెరిగాయి, అత్త వాకిలి గేదెలతో నిండింది. పాలు పోసి, నెయ్యి కాచి, ఎవరి మీదా పడకుండా బతికింది.

నా చిన్నతనమంతా ఆ వాకిట్లోనే గడిచింది. అత్త పేడతో అలికిన నేల పాదాలకి చల్లగా, కాస్త గరుగ్గా తగిలేది. వెన్న కాస్తుంటే గిన్నెలో తమలపాకు ముక్క వేసేది, ఆ వాసనకి వీధిలో ఆడుకునే పిల్లలం ఒక్కొక్కరం లోపలికి చేరేవాళ్ళం. అడుగున మిగిలిన గోకుడులో బెల్లం కలిపి మా అరచేతుల్లో పెట్టేది. అట్లతద్దికి ఊరి ఆడపిల్లలందరికీ తెల్లవారుజామున చద్దన్నం అత్త ఇంట్లోనే, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గిన్నె బోర్లించినా జారని గడ్డపెరుగు. వాకిట్లో చింతకొమ్మకి ఉయ్యాల కట్టి, "ఏమేవ్, గట్టిగా పట్టుకో, పడ్డావంటే మీ నాన్న నన్ను తంతాడు" అని అరుస్తూ అందర్నీ ఊపేది. తన పెళ్ళి అలా అయినా మా నోముల్లో ఆవిడ ముందుండేది, ఒకరిద్దరు ముసలమ్మలు మొదట్లో మూతి తిప్పుకున్నా ఆ పెరుగు తిన్నాక మళ్ళీ మాట్లాడలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా పునరావాసం వచ్చింది. జీపులో వచ్చింది. వాగుకి ఆనకట్ట కడతారని, ఊరు మునుగుతుందని అంతకు ముందు ఏళ్ళుగా గాలికబురుగా వింటూనే ఉన్నాం, ఎవరూ నమ్మలేదు. ఆరోజు బడి ఆవరణలో మైకు పెట్టి, తెల్లచొక్కా ఆఫీసరు ఒకాయన నీళ్ళ గురించి, త్యాగం గురించి మాట్లాడి, "మీకందరికీ పునరావాసం కల్పిస్తాం" అన్నాడు. మా నాయనమ్మకి చెవులు సరిగా వినపడవు. లేచి నిలబడి, "పున్నమా, అమాసా అంటన్నావేందయ్యా? రెండూ ఒకేరోజు ఎట్టా వస్తయ్యి?" అని అడిగింది. జనం గొల్లున నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. ఆయన అందరికంటే ఎక్కువసేపు నవ్వాడని నాకిప్పటికీ గుర్తు.

మర్నాడు మా తెలుగు మాస్టారు బోర్డుమీద ఆ మాట రాశారు. పునః అంటే మళ్ళీ, ఆవాసం అంటే ఉండే చోటు, రెండూ కలిస్తే మళ్ళీ ఉండే చోటు అన్నారు. చెప్పి, సుద్దముక్క చేతిలోనే పట్టుకుని, కిటికీలోంచి వాగు వైపు చూశారు. ఆయన ఇల్లు కూడా వాగు పక్కనే. మాకేం పట్టింది? మాట కొత్తగా, గంభీరంగా ఉంది. ఆ సాయంత్రం నుంచే తొక్కుడు బిళ్ళలో గీత తొక్కి ఔటైన పిల్ల, "నాకు పునరావాసం కావాలే!" అని అరిచేది, నాయకురాలు దయతలిస్తే మళ్ళీ ఆడనిచ్చేది. వాడకంలో ఆ మాటకి అసలైన అర్థం అక్కడే ఉందేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఆటలోనే నిజంగా మళ్ళీ చోటు దొరికేది.

పెద్దవాళ్ళు ఆ మాట వాడితే దాని వెనకే 'కల్పించడం' అని వస్తుంది, గమనించారా? పునరావాసం కడతాం అనరు, ఇస్తాం అనరు. కల్పిస్తాం అంటారు. కథల్ని కూడా కల్పిస్తారు.

తర్వాత ఇళ్ళు రాసుకోవడానికి వచ్చారు. గోడలమీద తెల్లరంగుతో గుర్తులు పెట్టుకుంటూ మా అరుగు మీద కూర్చున్నారు. నాన్న పేరు రాసుకున్నాక, మజ్జిగ గ్లాసు అందిస్తున్న అత్తని చూసి ఉద్యోగి అడిగాడు.

"ఈవిడెవరు?"

"మా చెల్లెలండి. ఆ వెనక ఇల్లు ఆవిడదే" అన్నాడు నాన్న.

"భర్త ఉన్నాడా?"

"ఉన్నాడండి. వదిలేశాడు. వేరే ఆవిడతో ఉంటున్నాడు."

"ఉన్నాడంటే ఆయన ఊళ్ళో ఆయన కుటుంబం కింద వస్తుంది. ఇక్కడ రాదు. ఆ ఇల్లు మీ స్థలంలో ఉంది కాబట్టి మీ ఇంట్లో భాగం."

"ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళోనే బతుకుతోందండీ!"

"విడాకులయ్యాయా? లేదు. పోనీ ఆయన పోయినా వితంతువు కింద రాసేవాణ్ణి" అన్నాడాయన, ఏదో సాయం చేస్తున్నవాడిలా.

అత్త గ్లాసు ఆయన చేతికిచ్చి, నిదానంగా అంది. "పది గంటల బస్సుంది బాబూ. పోయి వాణ్ణి చంపి రమ్మంటావా?"

ఆయన మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టి పక్కింటికి వెళ్ళిపోయాడు. ఊరంతా కలిసి నిలబెట్టిన మనిషి, అలా అరుగుమీద, మజ్జిగ తాగినంతలో, లేనిదైపోయింది. నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఊరివాళ్ళు నలుగురు వెంట వెళ్ళి చెప్పారు. ప్రతిచోటా ఒకటే జవాబు, రూల్సు ఒప్పుకోవు. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే కళ్ళతో చూస్తూ నువ్వు లేవని చెప్పే రూల్సు ఎవరు రాశారో, ఏ ఇంట్లో ఏ చెల్లెలు పెట్టిన అన్నం తిని రాశారో నాకు తెలియదు.

కాలనీ చీమకుర్తి వైపు వెళ్ళే రోడ్డు పక్కన, గరుసు మెట్టమీద కట్టారు. పారతో కొడితే నిప్పురవ్వలు లేచే నేల. చెట్టన్నది లేదు. అగ్గిపెట్టెలు వరసగా పేర్చినట్టు ఇళ్ళు, చెయ్యెత్తితే తగిలే కప్పు, గాలి కొడితే దడదడలాడే ఇనప తలుపులు. గొడ్లకి కొట్టం లేదు, మిరపకాయలు ఆరబోసుకునే కల్లం లేదు, అసలు మిరపకాయలే లేవు కదా అని కాబోలు. రాయి నరికే యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి దుమ్ము అన్నం మీద కూడా పడేది. గ్రానైటు లారీలు పోతుంటే గూట్లో గిన్నెలు వాటంతటవే కదిలేవి. కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పుగా, అదోలా ఉండేవి. నాయనమ్మ ఆ నీళ్ళు పుక్కిలించి ఊసేసి, "ఇయ్యి నీళ్ళేందిరా?" అంది. 

ప్రారంభోత్సవానికి రోడ్డు మొదట్లోని ఇంటిని ముస్తాబు చేశారు. దానికొక్కదానికే ఆకాశనీలం రంగు వేశారు, గుమ్మానికి మామిడాకులు, అడ్డంగా ఎర్ర రిబ్బను. ఆ ఇల్లు ఎవరికీ ఇవ్వలేదు. హైదరాబాదు నుంచి వచ్చే పెద్దమనిషి చూడటానికట.

ఆ ఉదయం, కాలనీలో మా ఇంట్లోనే సర్దుకుంటున్న అత్త నన్ను లేపి, "పిడకల బుట్ట పట్టుకో" అంది. తను చేత్తో ఇత్తడి గిన్నె, చంకలో మూడు ఇటుకలు పట్టుకుంది. వెనకే మా నాయనమ్మ, ఎదురింటావిడ, చీకటితోనే లేచిన మరికొంతమంది ఆడవాళ్ళు. ఎవరూ మాట్లాడుకోలేదు, అంటే ముందే మాట్లాడుకున్నారన్నమాట. రిబ్బను కిందనుంచి ఒంగి అందరం లోపలికెళ్ళాం. అత్త ఈశాన్యం మూల చూసుకుని ఇటుకలు పేర్చి, పిడకలు అంటించి, తన గేదె పాలు గిన్నెలో పోసి పొయ్యిమీద పెట్టింది. కొత్త సున్నం వాసనలో పిడకల పొగ కలిసింది. పాలు నెమ్మదిగా పైకి లేచి, గిన్నె అంచుమీద ఒక్క క్షణం ఆగి, నాలుగు పక్కలా పొంగి నిప్పుమీద చుంయ్‌మన్నాయి. నాయనమ్మ చేతులెత్తి దండం పెట్టింది. అత్త చాప పరుచుకుని గోడకి ఆనుకుని కూర్చుంది.

ఉద్యోగులు పరుగెత్తుకొచ్చారు. ఆనాడు మజ్జిగ తాగినాయన ముందున్నాడు.

"అమ్మా, ఏంటిది? బయటికి రండి! అయ్యగారు దారిలో ఉన్నారు!"

"పాలు పొంగినయ్యి బాబూ" అంది అత్త. "పాలు పొంగిన ఇంట్లోంచి మనిషిని లేపకూడదు."

"ఇది మీ ఇల్లు కాదు!"

"మరెవరిదో చెప్పు. ఆళ్ళొస్తే లేస్తా."

చెప్పడానికి ఆయన దగ్గర పేరు లేదు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఎదురింటావిడ గుమ్మంలో అడ్డంగా కూర్చుని, "పిలువు. మమ్మల్నందర్నీ తొక్కుకుంటా పొండి" అంది. ఇంతలోనే రోడ్డుమీద కార్లు వరసగా వచ్చి ఆగాయి.

ఆ పెద్దమనిషి మాత్రం గట్టివాడు. మెడలో దండతో దిగి, గుమ్మంలోని ఆడవాళ్ళని, లోపలి పొగని చూసి, పక్కనున్నాయన చెవిలో చెప్పిన మాట విని, ఒక్క క్షణం ఆలోచించాడు. చిరునవ్వు నవ్వాడు. రిబ్బను కత్తిరించి, ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని లోపలికొచ్చి, మా అత్త నెత్తిన చెయ్యి పెట్టి కెమెరాల వైపు తిరిగాడు. "ఒంటరి ఆడబిడ్డలకు కూడా మా ప్రభుత్వం పునరావాసం కల్పించింది. ఈ తల్లి మొహం చూడండి" అన్నాడు. ఆ తల్లి కళ్ళు పిడకల పొగకి నీళ్ళు కారుతున్నాయి. మర్నాడు పేపర్లో అవి ఆనందబాష్పాలయ్యాయి.

ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేయమని మనిషిని పంపారు! మళ్ళీ పంపారు, మళ్ళీ మళ్ళీ పంపారు. అత్త పేపర్లో ఫోటో కత్తిరించి తలుపు లోపలివైపు అంటించింది. ఎవరొచ్చినా తలుపు తిప్పి చూపించేది. "మీ అయ్యగారే ఇచ్చాడని ఇందులో ఉంది. అబద్ధమని ఇంకో పేపర్లో ఏయించుకు రండి, పోతా." ఎవరూ వేయించలేదు. అలాగని పట్టా ఇవ్వలేదు, కరెంటు ఇవ్వలేదు. మా ఇంట్లోంచి తీగ లాగి ఒక బల్బు వెలిగించాం. ఈ రోజుకీ ఆఫీసు లెక్కలో ఆవిడ ఆక్రమణదారు.

గెలిచింది అందామంటే నోరు రాదు. మేత లేక గేదెల డొక్కలు ఎండిపోయాయి. చివరి గేదెని తోలుకుపోతుంటే అత్త ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత క్వారీ వాళ్ళ క్యాంటీనులో అంట్లు తోమడానికి కుదిరింది. తన చేతి పెరుగు గురించి ఊరంతా చెప్పుకునే మనిషి! మిరపకాయ రంగు చూసి చేను కథ చెప్పే మా నాన్న, రాళ్ళ యూనిట్ గేటు దగ్గర ఈల మెళ్ళో వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నాయనమ్మ మొదటి ఎండాకాలం దాటలేదు. పోయే ముందు వాగు చెలమలో నీళ్ళు అడిగింది. ఆ చెలమ అప్పటికి నీళ్ళ అడుగున ఉంది. ఊరినిండా నీళ్ళు, ఆవిడ నోట్లో పోయడానికి గుక్కెడు లేవు. దాన్నేమంటారో చెప్పే మాట ఏ నిఘంటువులో ఉంది?

మమ్మల్ని పక్క ఊరి హైస్కూల్లో చేర్చారు. అక్కడ మా పేర్లు నేర్చుకోవడానికి ఎవరూ కష్టపడలేదు. "పునరావాసం పిల్లలు నిలబడండి" అనేవాళ్ళు. బెంచీమీద పెన్సిలు పోతే మొదట మా సంచులు వెతికేవాళ్ళు. కొట్టుకెళితే, "ఏ ఊరమ్మాయివి? ఓహో, పునరావాసమోళ్ళా" అని సాగదీసేవాళ్ళు. ఒకప్పుడు ఆటలో అరిచి అడిగి తీసుకున్న మాట, అలా నా నుదుటిమీద పచ్చబొట్టయింది. మళ్ళీ ఉండే చోటు అని చెప్పిన మాస్టారు మాతో కాలనీకి రాలేదు, ఒంగోలులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన ఉంటే అడిగేదాన్ని, మనుషుల్ని పిలవడానికి ఈ మాట వాడొచ్చని ఏ వ్యాకరణంలో ఉందండీ అని.

ఈ మధ్య అత్తకి కళ్ళ ఆపరేషనయితే ఒంగోలు నుంచి వెనక్కి తీసుకెళ్ళడానికి నేను వెళ్ళాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నల్లద్దాలు పెట్టుకుని, ముఖం తిప్పకుండా, "తంగేడుపాలెం రెండు" అంది. కండక్టరు కొత్త కుర్రాడు. మిషను నొక్కి చూసి, "ఆ పేరుతో స్టేజీ లేదు మామ్మా. ఎక్కడది?" అన్నాడు. "ఏరా, నేను లేనా? నేనున్నానంటే ఊరు ఉన్నట్టే" అంది అత్త. వెనక నుంచి ఎవరో, "పునరావాసం కొట్టవయ్యా, తెలుస్తుంది" అని అరిచారు. కండక్టరు టికెట్లు చింపి నా చేతిలో పెట్టాడు.

చేలుండాల్సిన చోట రాతిపొడి గుట్టలు, యూనిట్ల రేకుల షెడ్లు దాటుకుంటూ వచ్చి బస్సు కాలనీ ముందున్న ఆర్చీ దగ్గర ఆగింది. "పునరావాసం! పునరావాసం దిగండి!" అని కండక్టరు కేకేశాడు. కాలేజీ బ్యాగులతో ఉన్న పిల్లలు దూకి దిగిపోయారు. నేను లేచి అత్త చెయ్యి పట్టుకున్నాను. లేవలేదు. "మన ఊరు రాలేదుగా" అంది. డ్రైవరు హారను కొట్టాడు, జనం విసుక్కున్నారు. నేను నచ్చజెప్పబోయి ఆగిపోయాను, ఎవరి పక్షాన మాట్లాడతానో అని నాకే భయమేసింది. కండక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తల గోక్కున్నాడు. కాస్త గొంతు తగ్గించి, "తంగేడుపాలెం దిగాలి" అన్నాడు.

అత్త లేచింది. వెనక సీట్లలో, అప్పటిదాకా నేను గమనించని ఇద్దరు ముసలివాళ్ళు కూడా కర్రలు నేలకి ఆనించుకుని లేచారు. ముందే దిగిన పిల్లలు అప్పటికే ఆర్చీ కిందనుంచి వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయారు.